రేటింగ్ కర్వ్ 17 అంటోంది, నా కొలత 14 అంటోంది. ఎవరిని నమ్మాలి?

కొత్తగేజు · సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. గేజింగ్ స్టేషన్ పనికి నేను కొత్త, నాలుగు నెలలే అయింది. ఇవాళ ఏట్లో దిగి కరెంట్ మీటర్‌తో ప్రవాహం కొలిచాను. లాగర్‌లో (మట్టాన్ని తనంతట తానే నమోదు చేసే పరికరం) నీటిమట్టం 1.44 మీ. ఉంది. మా రేటింగ్ కర్వ్ (మట్టాన్ని బట్టి ప్రవాహం చెప్పే గీత) ప్రకారం ఆ మట్టానికి 17.7 క్యూమెక్కులు (సెకనుకు ఘనపు మీటర్లు) రావాలి. నాకు వచ్చింది 14.2. అంటే 20 శాతం తక్కువ! కూడికలు మూడుసార్లు చేశాను, మారలేదు.

మా కర్వ్: ప్రవాహం = 14.2 × (మట్టం − 0.30)^1.7

నీటి వెడల్పు 24 మీ. మూడు మీటర్లకొకటి చొప్పున 7 వర్టికల్స్ (లోతూ వేగమూ కొలిచే నిలువు గీతలు) తీసుకున్నాను. ఎడమ గట్టు నుంచి లోతులు (మీ.): 0.40, 0.70, 0.95, 1.15, 1.10, 0.80, 0.45. వేగాలు (మీ./సె.): 0.35, 0.70, 0.95, 1.10, 1.05, 0.75, 0.40. అన్నిచోట్లా పైనుంచి లోతులో 0.6 వంతు దగ్గర 40 సెకన్లు మీటర్ తిప్పాను.

మా పై ఆయనేమో "కర్వ్ పదేళ్లుగా ఉంది, నువ్వొచ్చి నాలుగు నెలలైంది, తప్పెవరిదో నువ్వే ఆలోచించుకో" అన్నారు. ఆలోచిస్తున్నాను, తేలడం లేదు.

ఏటిగట్టు · సోమవారం, రాత్రి 9:31

లాగర్ సంగతి తర్వాత. స్టాఫ్ గేజ్ (ఏట్లో నిలబెట్టిన కొలత పలక) ఎంత చూపించింది తమ్ముడూ? కొలత మొదలుపెట్టే ముందూ, అయ్యాకా చదివావా?

కొత్తగేజు · సోమవారం, రాత్రి 9:36

చదివాను అన్నా. రెండుసార్లూ 1.42. రెండు సెంటీమీటర్లే కదా అని వదిలేశాను.

ఏటిగట్టు · సోమవారం, రాత్రి 9:58

ఆ "రెండే కదా" దగ్గరే అసలు తిప్పలు. గేజ్ పలక యజమాని, లాగర్ దాని గుమాస్తా. ఇద్దరికీ లెక్క కుదరకపోతే గుమాస్తానే నిలదీయాలి. 1.42తో నీ కర్వ్ చూడు, 17.2 వస్తుంది. రెండు సెంటీమీటర్లకు అర క్యూమెక్కు, అంటే 3 శాతం. నీ 20 శాతం అప్పుడే 17 అయింది.

మీది స్టిల్లింగ్ వెల్ (పైపుతో ఏటికి కలిపిన బావి), అందులో టేపుకు కట్టిన ఫ్లోట్ పద్ధతే అయితే బావికి నీళ్లు వచ్చే పైపులో బురద చేరి ఉంటుంది. ఒక బకెట్ నీళ్లు బావిలో గుమ్మరించి, పెరిగిన మట్టం ఎంతసేపట్లో ఏటి మట్టానికి దిగుతుందో గడియారం పెట్టుకుని చూడు. పైపు బాగుంటే ఒకటి రెండు నిమిషాలు చాలు.

మానింగ్_ఎన్ · సోమవారం, రాత్రి 10:20

బకెట్ పరీక్ష తప్పక చేయండి. కానీ ఏటిగట్టు గారూ, ఈ 2 సెం.మీ. పైపు వల్ల వచ్చింది కాదనుకుంటా. పైపు పూడితే బావి మట్టం ఏటి వెనక నడుస్తుంది. ఏరు పెరుగుతుంటే తక్కువ, తగ్గుతుంటే ఎక్కువ చూపిస్తుంది. ఇక్కడ స్టాఫ్ గేజ్ ముందూ వెనకా 1.42 దగ్గరే ఉంది, ఏరు కదల్లేదు. నిలకడగా ఉన్న ఏట్లో నిలకడగా 2 సెం.మీ. ఎక్కువ వస్తోందంటే ఫ్లోట్ టేపు జారి ఉండాలి, లేదా లాగర్‌లో ఎవరో తప్పు ఆఫ్‌సెట్ (సర్దుబాటు అంకె) కొట్టి ఉండాలి. స్టేషన్ పుస్తకం తిరగేయండి.

ఇక కొలత. నడి వర్టికల్ ఒక్కటే చూడండి: 1.15 × 1.10 × 3 = 3.8 క్యూమెక్కులు. మొత్తం 14.2లో 27 శాతం! ఒక్కో వర్టికల్ వాటా 5 శాతం లోపు ఉండేలా చూసుకోవాలి, ఎంత లేదన్నా 10 దాటకూడదు. అందుకే 20కి పైగా వర్టికల్స్ పెడతారు. అందరికీ సమాన దూరం పంచనక్కర్లేదు. గట్ల దగ్గర ఎడంగా, నీళ్లు ఎక్కువ పోయేచోట దగ్గర దగ్గరగా వేసుకోండి. మీ 1.15కీ 1.10కీ మధ్య ఏట్లో ఏముందో మీకు తెలియదు, చిన్న మడుగున్నా బండున్నా మీ లెక్కలో లేదు.

ఇంకొకటి. 0.6 దగ్గర ఒక్క కొలత చాలనేది సుమారు 0.75 మీ. లోపు లోతులకు. అంతకు మించితే 0.2 దగ్గర ఒకటి, 0.8 దగ్గర ఒకటి తీసుకుని సగటు చేయాలి. వేగం పైనుంచి అడుగుకు ఎలా తగ్గుతుందో ఒక్క బిందువు ఊహించుకుంటుంది, రెండు బిందువులు కొంతైనా చూస్తాయి.

వరదగుర్తు · మంగళవారం, ఉదయం 6:05

అందరూ వర్టికల్స్ లెక్కపెడుతున్నారు గానీ ఆ అబ్బాయి ఎక్కడ నిలబడ్డాడో ఎవరూ చూడలేదా?

1.15 మీ. లోతు, 1.10 మీ./సె. వేగం. రెండూ గుణిస్తే 1.27. అడుగుల్లో లోతును వేగంతో గుణిస్తే 10 దాటిన చోట దిగకూడదనేది ఈ పనిలో పాత నియమం. మీటర్లలో అది దాదాపు 0.93. నువ్వు దాన్ని ఎప్పుడో దాటేశావు నాయనా. కింద గులకరాయి ఒక్కటి జారితే రేటింగ్ కర్వ్ గొడవ నీకు శాశ్వతంగా తీరిపోయేది. ఛాతీ దాకా వేడర్స్ (నీళ్లు దూరని ప్యాంటూ బూట్లూ) వేసుకుని లైఫ్ జాకెట్ లేకుండా దిగేవాళ్లను నేను చాలామందిని చూశాను. వేడర్స్‌లోకి నీళ్లు దూరితే లేవడం ఎంత కష్టమో వాళ్లకు తెలియదు.

దగ్గర్లో వంతెన ఉంటే అక్కడి నుంచి కేబుల్‌కు మీటరూ, కింద బరువూ కట్టి కొలువు. స్తంభాల వెనక సుడులు తిరిగే చోటు వదిలెయ్యి. కేబుల్ ప్రవాహానికి వాలితే ఆ కోణం రాసుకో, లేకపోతే లోతు ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది.

కొత్తగేజు · మంగళవారం, ఉదయం 7:12

క్షమించండి మేడం. లైఫ్ జాకెట్ వేసుకున్నాను, హెల్పర్ గట్టు మీద తాడు పట్టుకున్నాడు. అయినా ఇంకోసారి దిగను. వంతెన కిలోమీటరు పైన ఉంది, మధ్యలో ఉపనది ఏదీ కలవదు.

పడవమీద · మంగళవారం, ఉదయం 11:40

ఇంత తతంగం దేనికి? ఏడీసీపీ (ధ్వని తరంగాలతో నీటి వేగం కొలిచే పరికరం) ఉన్న చిన్న తేలే బోటును తాడు కట్టి అటూ ఇటూ నాలుగుసార్లు లాగితే పది నిమిషాల్లో పని అయిపోతుంది. వర్టికల్స్ అనే మాటే ఉండదు.

మానింగ్_ఎన్ · మంగళవారం, మధ్యాహ్నం 1:02

ఉంటే మంచిదే. కానీ అది కూడా అంతా చూడదు. నీటి పై పొర, అడుగు పొర, రెండు గట్ల అంచులు దానికి కనపడవు, అక్కడ అంచనాయే. పైగా వరదలో అడుగు ఇసుక కదులుతుంటే, పరికరం ఆ ఇసుకనే నేల అనుకుని తాను ఎగువకు పోతున్నట్టు భ్రమపడుతుంది, ప్రవాహం తక్కువ చూపిస్తుంది. అందుకే ముందు కదిలే అడుగు పరీక్ష చేస్తారు, కదులుతుంటే జీపీఎస్ ఆధారంగా లెక్క కడతారు. ఆ పరీక్ష చేయకుండా నాలుగుసార్లు లాగితే నాలుగూ ఒకేలా తప్పు వస్తాయి. ఒకదానితో ఒకటి సరిపోయాయి కదా అని జనం మురిసిపోతారు.

చిన్నవాగు · మంగళవారం, సాయంత్రం 5:25

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నా దగ్గర మీటరూ లేదు, పడవా లేదు. మూడు మీటర్ల వెడల్పు వాగు. ఎలా కొలవాలి?

త్రిభుజగండి · మంగళవారం, సాయంత్రం 6:48

ఇది నా పేట. మూడు దారులున్నాయి.

సీసాలో సగానికి పైగా నీళ్లు నింపి మూత బిగించి వదలండి, గాలికి కొట్టుకుపోకుండా మునిగి తేలుతుంది. తిన్నగా ఉన్న 20 మీటర్లు ఎన్ని సెకన్లలో దాటిందో అయిదారుసార్లు చూసి సగటు తీయండి. వచ్చేది పైపొర వేగం, దాన్ని 0.85తో గుణిస్తే ఇంచుమించు సగటు వేగం. దాన్ని క్రాస్ సెక్షన్ వైశాల్యంతో గుణించండి.

నీళ్లు మరీ తక్కువైతే 90 డిగ్రీల వి-నాచ్ పలక (V ఆకారంలో కోసిన పలక) అడ్డం పెట్టండి. నాచ్ మూల నుంచి నీటి ఎత్తు మీటర్లలో తీసుకుని 2.5 ఘాతం చేసి 1.38తో గుణిస్తే క్యూమెక్కులు. 10 సెం.మీ. ఎత్తుకు సెకనుకు 4.4 లీటర్లు. ఎత్తు మాత్రం నాచ్ మీద కాదు, కాస్త ఎగువన, నీరు వంగని చోట కొలవాలి. ఇక్కడ తప్పు చేయనివాడు లేడు, నాతో సహా.

రాళ్ల మీద దూకే వాగైతే ఈ రెండూ పనికిరావు. తూచిన ఉప్పు నీళ్లలో కరిగించి ఒక్కసారిగా పోసి, బాగా కలిసిపోయేంత దిగువన విద్యుత్ వాహకత మీటరుతో ఆ ఉప్పు అల వచ్చి పోయేదాకా చూడటమే. అక్కడ నీళ్లు ఎంత గందరగోళంగా ఉంటే మనకు అంత మేలు.

కొత్తగేజు · బుధవారం, రాత్రి 8:30

రెండూ దొరికాయి!

ఒకటి: ఐదు వారాల కింద లాగర్ బ్యాటరీ మార్చారు. మార్చాక గేజ్ చదవకుండా, పుస్తకంలో అంతకుముందు రాసి ఉన్న రీడింగే టైప్ చేశారట. ఆ రోజు నుంచీ 2 సెం.మీ. ఎక్కువే నడుస్తోంది.

రెండు: బకెట్ పరీక్ష. 20 లీటర్లు పోస్తే బావిలో మట్టం 7 సెం.మీ. లేచింది. టేపు మీద గుర్తు చూస్తూ కూర్చున్నాం. అయిదు నిమిషాలకు కదలిక కనిపించలేదు. హెల్పర్ "టేపు ఇరుక్కుందేమో సార్" అని చక్రాన్ని వేలితో తట్టి చూశాడు, అది బాగానే తిరుగుతోంది. మొత్తం దిగడానికి 40 నిమిషాలు. పైపు ఫ్లష్ చేస్తే నల్లటి బురద, దాంతోపాటు ఒక నత్త గుల్ల వచ్చాయి. మళ్లీ బకెట్ పోస్తే నిమిషంన్నర.

ఏటిగట్టు · బుధవారం, రాత్రి 8:52

భేష్. మానింగ్_ఎన్ గారు గెలిచారు, నేనూ సగం గెలిచాను. ఆ పైపు నీ సోమవారం లెక్కను చెడగొట్టకపోయినా వరద శిఖరాలను కత్తిరించేసి ఉంటుంది. ఏరు జోరుగా లేచి దిగిపోతే బావికి ఆ పైమట్టం అందే లోపే కథ అయిపోతుంది. గట్టు మీద బురద గీత, కంపకు చిక్కుకున్న చెత్త ఏ ఎత్తులో ఉన్నాయో లెవెల్ పెట్టి చూడు. క్రెస్ట్ గేజ్ (వరద ఎంత ఎత్తుకు లేచిందో గుర్తు ఉంచే గొట్టం) ఉంటే లోపలి కర్రకు అంటుకున్న కార్క్ పొడి గీతను లాగర్ శిఖరంతో పోల్చు.

కొత్తగేజు · గురువారం, సాయంత్రం 6:15

ఇవాళ వంతెన మీద నుంచి కొలిచాం. 24 వర్టికల్స్, లోతున్నచోట రెండేసి బిందువులు. ఎక్కువ వాటా ఉన్న వర్టికల్ 8 శాతం. స్టాఫ్ గేజ్ 1.40, లాగర్ కూడా 1.40. కర్వ్ ప్రకారం 16.7. కొలత 14.1. క్యూసెక్కుల్లో దాదాపు 500.

ఇంకా 15.6 శాతం తక్కువే. ఇక నా దగ్గర తప్పులు అయిపోయాయి.

వరదగుర్తు · గురువారం, రాత్రి 7:40

అయిపోతే ఇప్పుడు కర్వ్‌ను అనుమానించే హక్కు వచ్చినట్టే.

కర్వ్ అంటే కాగితం మీద గీత కాదు. గేజ్ దగ్గర మట్టం ఎంత ఉండాలో నిర్ణయించేది దిగువన ఉన్న కంట్రోల్: ఒక రాతి వరస, ఒక ఇసుక తిన్నె, పెద్ద ప్రవాహాల్లో ఏటి పొడవునా ఉన్న గట్లూ మలుపులూ. అది మారితే అదే నీటికి వేరే మట్టం. 14.1 క్యూమెక్కులకు మీ కర్వ్ ఎంత మట్టం చెబుతుందో వెనక్కి లెక్కకట్టు. 1.30 వస్తుంది. గేజ్ 1.40 చూపిస్తోంది. అంటే దిగువన ఏదో అడ్డుపడి నీటిని 10 సెం.మీ. ఎత్తి పెట్టింది. షిఫ్ట్, అంటే కర్వ్‌లో పెట్టే ముందు మట్టానికి చేసే సవరణ, మైనస్ 10 సెం.మీ.

గేజ్ దగ్గర ఎంతసేపు చూసినా ఇది కనపడదు. దిగువకు నడుచుకుంటూ పో.

కాగితంపులి · గురువారం, రాత్రి 8:05

లేదా కర్వ్‌నే ఈ రెండు కొలతల మీదుగా తిరిగి గీసేస్తే సరిపోదా? ఎక్సెల్‌లో రెండు నిమిషాల పని.

మానింగ్_ఎన్ · గురువారం, రాత్రి 8:33

అందుకే చాలా స్టేషన్లలో ఏడాదికో కర్వ్ పుట్టి ఏడాదికో కర్వ్ చస్తుంది. 1.40 దగ్గర రెండు చుక్కలు చూసి 4 మీటర్ల దాకా గీత మార్చేస్తారా? అడ్డంకి చిన్న ప్రవాహాలకు అడ్డు. వరదలో అది మునిగిపోతుంది, అప్పుడు పాత కర్వే సరైనది. కింద మైనస్ 10 ఉండి పైకి పోయేకొద్దీ సున్నా అయ్యే షిఫ్ట్ పెట్టాలి. కర్వ్ అలాగే ఉంటుంది. అడ్డు తొలగిన రోజు షిఫ్ట్ తీసేస్తాం.

కాగితంపులి · గురువారం, రాత్రి 8:41

ఆ 0.30 ఏమిటో కూడా చెప్పండి. ఏరు ఎండితే గేజ్ సున్నా చూపించాలి కదా?

మానింగ్_ఎన్ · గురువారం, రాత్రి 8:55

అక్కర్లేదు. గేజ్ సున్నా అనేది మనం పెట్టుకున్నది, ఏటి అడుగు కోసుకుపోయినా రుణ రీడింగులు రాకుండా కాస్త కిందకే పెడతారు. ప్రవాహం ఆగిపోయే మట్టం కంట్రోల్‌లోని అతి పల్లపు చోటు. ఇక్కడ అది 0.30.

కొత్తగేజు · శుక్రవారం, మధ్యాహ్నం 12:20

మేడం, నడిచాను.

గేజ్ నుంచి అరవై మీటర్ల దిగువన రాతి వరస ఉంది. మధ్యలో చిన్న గండి, మామూలు రోజుల్లో నీళ్లన్నీ అందులోంచే దూకుతాయి. ఆ గండికి సరిగ్గా అడ్డంగా వేళ్లతో సహా ఒక చెట్టు పడి ఉంది. కొమ్మల్లో ఆకులు, వెదురు ముక్కలు, ప్లాస్టిక్ సంచులు అల్లుకుపోయి చిన్న ఆనకట్టలా తయారైంది. దాని ఎగువన నీళ్లు అద్దంలా నిలబడి ఉన్నాయి, ఎప్పుడూ వినిపించే చప్పుడు లేదు. నాలుగు నెలలుగా ఆ చప్పుడు వింటున్నాను, అది ఆగిపోయిందని ఇవాళే గమనించాను.

ఇప్పుడే లాగించేయమంటారా?

వరదగుర్తు · శుక్రవారం, మధ్యాహ్నం 12:44

ఆగు! ముందు ఫొటోలు తియ్యి, గేజ్ చదువు, టైము రాయి. తీశాక అక్కడే ఉండి ప్రతి పది నిమిషాలకూ గేజ్ చదువు. మట్టం నిలకడ పడ్డాక మళ్లీ ప్రవాహం కొలువు. ఈ ముక్క పుస్తకంలో లేకపోతే ఆరు నెలల తర్వాత ఎవరో కుర్చీలో కూర్చుని "శుక్రవారం ప్రవాహం హఠాత్తుగా తగ్గింది" అని నివేదిక రాస్తారు. తగ్గేది మట్టం, నీళ్లు కాదు.

ఏటిగట్టు · శుక్రవారం, మధ్యాహ్నం 1:10

నేనైతే తీయను. రేపు ఇంకో చెట్టు వస్తుంది. షిఫ్ట్ పెట్టుకుని పోవడమే. మనం ఏటిని కొలిచేవాళ్లం, ఊడ్చేవాళ్లం కాదు.

వరదగుర్తు · శుక్రవారం, మధ్యాహ్నం 1:26

కదలకుండా ఉంటే నువ్వన్నదే సరి. చెత్త చేరేకొద్దీ షిఫ్ట్ రోజూ మారుతుంది, రోజూ వెళ్లి కొలుస్తావా?

మానింగ్_ఎన్ · శుక్రవారం, సాయంత్రం 4:00

ఇప్పుడు ఆఫీసు పని. చెట్టు ఎప్పుడు పడింది? అదే తేలకపోతే షిఫ్ట్ ఏ తేదీ నుంచి పెట్టాలో తెలియదు. లాగర్ గ్రాఫ్‌లో వాన లేని రోజు మట్టం మెట్టులా లేచి అలాగే ఉండిపోయిన చోటు వెతకండి. ముడి డేటాను మాత్రం ముట్టుకోకండి. 2 సెం.మీ. సవరణైనా, షిఫ్టైనా పక్క వరుసలో, తేదీతో, కారణంతో.

రోజు సగటు తీసేటప్పుడు మట్టాల సగటు తీసి కర్వ్‌లో పెట్టకండి. మీ కర్వ్‌తోనే చూపిస్తాను. సగం రోజు 0.80, సగం రోజు 2.30 ఉందనుకోండి. మట్టం సగటు 1.55, దానికి 20.8 క్యూమెక్కులు. విడివిడిగా లెక్కిస్తే 4.4, 46.1, వాటి సగటు 25.3. వరద రోజున అయిదో వంతు నీళ్లు మాయం! 15 నిమిషాల రీడింగులు ఒక్కొక్కటీ ప్రవాహంగా మార్చాకే సగటు.

పడవమీద · శుక్రవారం, సాయంత్రం 5:15

వరద మాట వచ్చింది కాబట్టి: ఏరు లేస్తున్నప్పుడూ దిగుతున్నప్పుడూ ఒకే మట్టానికి నాకు రెండు ప్రవాహాలు వస్తున్నాయి. అది కూడా చెట్టేనా?

వరదగుర్తు · శుక్రవారం, సాయంత్రం 6:02

కాదు. లేచేటప్పుడు నీటి వాలు ఎక్కువ, అదే మట్టానికి ఎక్కువ నీరు పోతుంది. దిగేటప్పుడు వాలు తక్కువ. గ్రాఫ్‌లో గీస్తే ఈ రెండూ కలిసి ఉచ్చులా కనిపిస్తాయి, ఏరు ఎంత చదునుగా ఉంటే ఆ ఉచ్చు అంత వెడల్పు. అందుకే వరద కొలతల పక్కన లేస్తున్నదో దిగుతున్నదో రాయాలి. రాయకపోతే కర్వ్ రెండింటి మధ్యలోంచి పోతుంది, అప్పుడు ఏ ఒక్క చుక్కా దాని మీద పడదు.

కొత్తగేజు · శనివారం, సాయంత్రం 7:50

పని అయింది. ఉదయం 9:20కి గేజ్ 1.38. నలుగురం తాళ్లు కట్టి గట్టు మీద నుంచే లాగాం, నీళ్లలో ఎవరూ దిగలేదు. చెట్టు కదిలీ కదలగానే గండిలోంచి ఒక్కసారిగా మట్టి రంగు నీళ్లు దూకాయి. 9:40కి 1.33. 10:00కి 1.30. 10:20కి 1.28. ఆ తర్వాత కదల్లేదు. వంతెన మీద కొలిస్తే 13.5 క్యూమెక్కులు. కర్వ్ 13.7. తేడా 1.6 శాతం.

లాగర్‌లో మెట్టు కూడా దొరికింది. పందొమ్మిది రోజుల కింద, వాన లేని రాత్రి, మూడింటికి మొదలై గంటన్నరలో 9 సెం.మీ. పైకి. షిఫ్ట్ అక్కడి నుంచి పెడుతున్నాను. మిగిలిన ఒక్క సెంటీమీటరు చెత్త చేరి వచ్చిందనుకుంటా.

మా పై ఆయన పుస్తకం చూసి ఏమీ అనలేదు. "వచ్చే వారం రెండో స్టేషన్‌కి కూడా వెళ్లిరా" అన్నారు.

ఏటిగట్టు · శనివారం, రాత్రి 8:03

వెళ్లేటప్పుడు బకెట్ మర్చిపోకు.